రోళ్లపాడు గడ్డిబీడులో మొక్కలూ పురుగులూ గుర్తుపట్టడం: ఒక క్షేత్ర పర్యటన కేస్ స్టడీ

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలోని రోళ్లపాడు పేరు వినగానే చాలామందికి బట్టమేక పిట్ట గుర్తొస్తుంది. ఆ పిట్ట కోసమే 1988లో అక్కడ 600 హెక్టార్లకు పైగా గడ్డినేలను అభయారణ్యంగా ప్రకటించారు. పిట్ట కోసం వచ్చేవాళ్ళు దూరదర్శిని కళ్ళకు పెట్టుకుని గడ్డిని తొక్కుకుంటూ వెళ్ళిపోతారు. ఆ పిట్ట తినే మిడతలు, పెంకుపురుగులు పుట్టేదీ పెరిగేదీ ఆ గడ్డిలోనే. గడ్డి గురించీ అందులోని పురుగుల గురించీ తెలియకుండా బీడును కాపాడటం అయ్యే పని కాదు.

ఈ కేసు డిగ్రీ విద్యార్థుల బృందం ఒక పూట చేసిన పర్యటనకు సంబంధించింది. పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం, ఫోను కెమెరా, ఒక వల మాత్రమే ఉన్నప్పుడు దేన్ని ఎంతవరకు నమ్మకంగా పేరు పెట్టి రాయగలం అన్నది ప్రశ్న. ఏ భాగం చూశామో దాన్నిబట్టే పేరు రాయాలి అన్నది మొదటి నుంచీ పెట్టుకున్న నియమం. చూడని భాగం మీద ఆధారపడే పేరు ఎంత తెలిసినట్టు అనిపించినా జాబితాలోకి రాకూడదు.

స్థలం, కాలం

అభయారణ్యం లోపల మొక్కలు పీకాలన్నా పురుగులను వలతో పట్టాలన్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. అందుకని హద్దుకు బయట ఊరి గొర్రెలు, ఎద్దులు మేసే బీడును ఎంచుకున్నారు. పై భాగం ఎర్ర గరప నేల, కింద వాలులో నల్లరేగడి. పక్కపక్కనే రెండు నేలలు ఉండటం బాగా కలిసొచ్చింది. గరప మీద పెరిగే గడ్డి వేరు, రేగడిలో పెరిగేది వేరు. నేల మారిన చోట గడ్డి మారడం కళ్ళెదుటే కనిపిస్తే కొత్తవాళ్ళకు కూడా బీడంతా ఒకే పచ్చదనం కాదని అర్థమవుతుంది.

కాలం హస్త కార్తె మొదలు, అంటే సెప్టెంబరు ఆఖరు. జూన్, జూలైల్లో వస్తే గడ్డి ఆకులే తప్ప వెన్ను ఉండదు. వెన్ను లేని గడ్డికి జాతి పేరు పెట్టడం అనుభవజ్ఞులకే కష్టం. నవంబరు దాటితే చిన్న పూల మొక్కలు ఎండిపోతాయి. సెప్టెంబరు చివర్లో గడ్డి ఈనుతుంది, మిడతలు రెక్కలొచ్చి పెద్దవవుతాయి, తంగేడు, గునుగు పూత మీద ఉంటాయి. బతుకమ్మ పూల కోసం జనం బీళ్ళలోకి వెళ్ళేది సరిగ్గా ఈ రోజుల్లోనే.

ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు మొక్కలు, తొమ్మిది నుంచి పదకొండు వరకు పురుగులు అని పనిని విడగొట్టారు. విష్ణుక్రాంతం, వెన్నదేవి కూర పూలు మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి కాబట్టి మొక్కలు ముందు చూడాలి. మంచు ఆరకముందు వల ఊపితే గుడ్డ తడిసి, పడ్డ పురుగులు దానికి అంటుకుని నలిగిపోతాయి. పైగా సీతాకోకలు ఎండ కాస్త ఎక్కితే గానీ లేవవు. వరస తిరగేస్తే రెండు పనులూ చెడతాయి.

సామాను

ప్రతి ఇద్దరికీ మెడలో దారం కట్టిన భూతద్దం ఒకటి, 15 సెంటీమీటర్ల స్కేలు ఒకటి. నలుగురికి కలిపి, నేలమీద వేసి లోపల ఉన్నవాటిని చూడటానికి ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పున్న ప్లాస్టిక్ పైపుల చట్రం. వల మూతి 38 సెంటీమీటర్లు. దోమతెర గుడ్డతో కుట్టిన సీతాకోకల వల గడ్డిలో పనికిరాదు, ఒక్క ఊపుకే చిరుగుతుంది. మందపాటి తెల్ల కాటన్ గుడ్డతో కుట్టిందే కావాలి. తెల్ల పళ్ళెం, మూతలున్న పారదర్శకపు చిన్న డబ్బాలు, ఐస్‌ప్యాక్ పెట్టిన టిఫిన్ డబ్బా. రాసుకోవడానికి పెన్సిల్, మంచు తడికి పెన్ను సిరా పాకిపోతుంది.

బూట్లు, పొడవాటి ప్యాంటు తప్పనిసరి. ఈ నేలల్లో రక్తపింజర, చిన్నపింజర ఉంటాయి. గడ్డి కుదురు మొదట్లో చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించాలి. ఉన్ని సాక్సులు, అల్లిన సాక్సులు వద్దు. గడ్డి విత్తనాలు వాటిలోకి దిగితే మళ్ళీ రావు.

గడ్డి: అందరూ దాటేసే పని

బృందంలో ఎక్కువమంది పూల మొక్కల వైపు పరుగెత్తారు. అది సహజం. అయితే చట్రం వేసి చూస్తే అందులో నేలను కప్పేది ముప్పావు వంతు గడ్డే. అందుకని ప్రతి చట్రంలోనూ ముందు గడ్డే చూడాలని పట్టుబట్టారు. గడ్డి దగ్గర నాలుగు చోట్లు చూడాలి: కుదురు మొదలు, కణుపు, ఆకు రేకు కాండపు తొడుగును కలిసే చోట లోపలివైపు ఉండే చిన్న పొర లేదా వెంట్రుకల వరస, ఆ తర్వాత చిరుకంకి, అంటే వెన్నులో పొట్టు రేకులతో ఉండే చిన్న పూల గుత్తి. చాలామంది వెన్ను ఒక్కదాన్ని ఫోటో తీసి వచ్చేస్తారు. దానితో సగం జాతులే తేలుతాయి.

గరప నేల మీద ఎక్కువగా కనబడ్డది ఈటెలాంటి విత్తనం ఉండే హెటెరోపోగాన్ కంటార్టస్. ముదిరాక దీన్ని పోల్చడం తేలిక. ఒకే వెన్ను, దాని పైభాగం నుంచి గోధుమ నలుపు రంగు మీసాలు పొడవుగా వచ్చి, కొసల్లో ఒకదాన్నొకటి పెనవేసుకుని జడలా కనిపిస్తాయి. ఒక విత్తనాన్ని విడదీసి భూతద్దం కింద పెడితే దీని పనితనం తెలుస్తుంది. కింది కొన సూదిలా ఉంటుంది, దాని చుట్టూ గోధుమరంగు వెంట్రుకలు వెనక్కి వాలి ఉంటాయి. మీసం కింది సగం తాడులా మెలితిరిగి, మధ్యలో మోచేయిలా వంగుతుంది. దాని మీద ఒక నీటి చుక్క వేసి అరచేతిలో ఉంచితే మెలి విప్పుకుంటూ మీసం తిరగడం మొదలుపెడుతుంది. ఆరితే మళ్ళీ మెలిపడుతుంది. రాత్రి మంచుకు, పగటి ఎండకు ఇలా అటూ ఇటూ తిరుగుతూ విత్తనం తనంతట తానే మట్టిలోకి దిగుతుంది. వెనక్కి వాలిన వెంట్రుకలు దాన్ని పైకి రానివ్వవు. సాక్సులోకి, గొర్రె బొచ్చులోకి దిగేదీ ఇదే పద్ధతిలో. మీసాలు ముదిరాక ఈ గడ్డి ఉన్న చోటికి మందను తోలరని కాపరులు చెప్పారు. విత్తనాలు గొర్రె నోట్లో, కళ్ళలో గుచ్చుకుంటాయి.

చిక్కు లేత వెన్నుతో వస్తుంది. మీసాలు ఇంకా బయటకు రాని వెన్ను పచ్చగా, చిరుకంకులు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉండి వేరే గడ్డిలా కనిపిస్తుంది. ఒక జట్టు దీన్ని సెహీమా అనే మరో గడ్డిగా రాసింది. రెండింటిదీ ఒంటి వెన్నే. సెహీమా నెర్వోసంలో తొడిమ ఉన్న చిరుకంకి చదునుగా ఉండి, దాని పొట్టు రేకు మీద పచ్చటి ఈనెలు గీతలు గీసినట్టు తేలి ఉంటాయి. అవి కనబడలేదు కాబట్టి ఆ పేరు కొట్టేశారు. పక్క కుదుర్లోనే ముదిరిన వెన్ను దొరికింది, దాంతో తేలిపోయింది. లేత వెన్ను మీద ఆగిపోవద్దు, అదే కుదురులోనో అడుగు దూరంలోనో ముదిరిన వెన్ను వెతకాలి.

అరిస్టిడా అనే గడ్డి ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, గుర్తుపట్టడానికి ఒక్క చూపు చాలు. ఒకే బిందువు దగ్గర నుంచి మూడు మీసాలు త్రిశూలంలా విడిపోతాయి. కానీ అరిస్టిడాలో జాతులు చాలా ఉన్నాయి. మీసాల కింది కాడ ఎంత పొడవు, అక్కడ అతుకు ఉందా లేదా, పొట్టు రేకుల పొడవుల మధ్య తేడా ఎంత అన్నవి మిల్లీమీటర్లలో కొలిస్తే గానీ తేలదు. అన్ని చట్రాల్లోనూ దీన్ని ‘అరిస్టిడా, ప్రజాతి వరకు’ అని రాసి వదిలారు. అలా వదలడమే సరైన పని. బక్క నేల మీద, మేత మరీ ఎక్కువైన చోట అరిస్టిడా పెరుగుతుంది. కాబట్టి ప్రజాతి వరకు తెలిసినా బీడు పరిస్థితి గురించి అది చాలా చెబుతుంది.

రేగడి వాలులో వేళ్ళలా విచ్చుకున్న వెన్నుల గడ్డి వచ్చింది. ఇక్కడ రెండు జాతుల మధ్య తికమక పడ్డారు, దీని మీదే ఎక్కువసేపు పట్టింది. డైకాంథియం అన్యులేటంకి కణుపు చుట్టూ తెల్ల వెంట్రుకలు ఉంగరంలా ఉంటాయి. బోత్రియోక్లోవా పెర్టూసా చూపుకు దాదాపు ఇలాగే ఉంటుంది, దాని కణుపులకూ కొన్నిసార్లు వెంట్రుకలు ఉంటాయి. కాబట్టి కణుపు చూసి ఆగకూడదు. చిరుకంకి ఒకటి తీసి, కింది పొట్టు రేకు వీపును భూతద్దం కింద తిప్పి చూడాలి. బోత్రియోక్లోవా పెర్టూసాలో అక్కడ సూదిమొనతో పొడిచినట్టు ఒక గుంట ఉంటుంది. డైకాంథియం అన్యులేటంలో ఉండదు. సూర్యుణ్ణి వీపు వైపు పెట్టుకుని, భూతద్దాన్ని కంటికి ఆనించి, చిరుకంకిని దాని దగ్గరకు తెస్తేనే ఆ గుంట కనిపిస్తుంది. భూతద్దాన్ని మొక్క దగ్గర పెట్టి కన్ను దూరంగా ఉంచి చూసినవాళ్ళకు ఏమీ కనబడలేదు. కొత్తవాళ్ళు చేసే తప్పుల్లో ఇదే మొదటిది. ఒక్కసారి సరిచేస్తే మళ్ళీ చేయరు.

పూల మొక్కలు

వెంపలి, నీలి జాతి మొక్కలు కలిసి పెరిగిన చోట పూలు రాలిపోయి ఉంటే రెండూ ఒకటే అనిపిస్తాయి. వెంపలి ఆకులోని ఒక చిట్టి రేకును కొస పట్టుకుని లాగితే పక్క ఈనెల వెంబడే చిరిగి, చిరుగు బాణం మొనలా వస్తుంది. నీలి ప్రజాతి అయిన ఇండిగోఫెరాలో అలా శుభ్రంగా చిరగదు. దానికి వేరే గుర్తు ఉంది. ఆకు మీది ప్రతి వెంట్రుకా మధ్యలో అతుక్కుని రెండు చేతులూ చాచినట్టు ఆకుకు ఆనుకుని పడుకుంటుంది. భూతద్దంలో తెల్ల గీతలు చల్లినట్టు కనబడుతుంది. ఈ రెండు పరీక్షలకూ ఒక చిట్టి రేకు చాలు, మొక్క పీకాల్సిన అవసరమే లేదు. కాయ ఉంటే ఇంకా మంచిది. వెంపలి కాయ చదునుగా కొడవలిలా కాస్త వంగి ఉంటుంది. ఇండిగోఫెరా లినిఫోలియాకి సన్నటి ఒంటి ఆకు, వెండి మెరుపు, ఒకే గింజ ఉండే చిన్న గుండ్రటి కాయ. నేలను పాకే ఇండిగోఫెరాలను తర్వాత సీతాకోకల దగ్గర మళ్ళీ చూడాలి కనుక చట్రం సంఖ్యతో సహా గుర్తు పెట్టుకున్నారు.

గిలిగిచ్చ జాతులకు ఉబ్బిన కాయ, ఎండితే లోపల గింజలు గలగలమంటాయి. ఇవి క్రొటలేరియా అని చెప్పడానికి అది చాలు. జాతికి మాత్రం పువ్వు అడుగు రేకు ముక్కు ఎలా తిరిగిందో పక్కనుంచి తీసిన ఫోటో కావాలి. పూవును ఎదురుగానే ఫోటో తీసినవాళ్ళు ఇక్కడ ఇరుక్కున్నారు.

నీలం పూలు మూడు రకాలు కనబడ్డాయి. వెన్నదేవి కూరకు మూడు రేకులు, ఆకు మొదలు కాండాన్ని తొడుగులా చుడుతుంది. శంఖపుష్పం తీగ, పువ్వు పెద్దది. విష్ణుక్రాంతం నేలబారున పరుచుకుని, గోరంత గుండ్రటి నీలం పువ్వు పూస్తుంది. భూతద్దంలో దాని మధ్య రెండు కీలాలు, ఒక్కొక్కటి రెండుగా చీలి మొత్తం నాలుగు తంతువులు కనబడితే ఇక అనుమానం లేదు.

గలిజేరు దగ్గర ఊరి పేరు నమ్ముకుంటే పని చెడుతుంది. అదే పేరుతో రెండు కుటుంబాల మొక్కలను పిలుస్తున్నారు. రెండూ నేలను పాకేవే, రెండింటికీ కణుపు దగ్గర ఎదురెదురు ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. బోర్‌హావియా, అంటే అటికమామిడికి పూలు పొడవాటి కాడల చివర గుత్తులుగా వస్తాయి, కాయ జిగురుగా ఉండి వేలికి అంటుకుంటుంది, దాని మీద నిలువు గట్లు ఉంటాయి. ట్రయాంథిమా పోర్టులకాస్ట్రం రసంతో దళసరిగా ఉంటుంది, పువ్వు కాడ లేకుండా ఆకు మొదటి తొడుగులోనే ఒక్కటొక్కటిగా కూర్చుంటుంది. ఊరి పేరును రాసుకోవాల్సిందే, అది విలువైన సమాచారం. కానీ గుర్తింపు గడిలో కాదు, పక్కనున్న గడిలో.

పల్లేరు, తుమ్మికూర, ఉత్తరేణి, కుక్కవామింట, గడ్డిచామంతి, వయ్యారిభామ, తంగేడు, నేలరేగు, సర్కారుతుమ్మ విషయంలో ఎవరికీ ఇబ్బంది రాలేదు.

పురుగులు: వల, పళ్ళెం, కన్ను

ఒకే వరసలో నడుస్తూ, అడుగుకు ఒకసారి చొప్పున 25 ఊపులు, ప్రతి ఊపుకూ వల మూతి దిశ మార్చడం, చివర్లో మణికట్టు తిప్పి మూతి మడవడం అన్నది అందరూ పాటించే పద్ధతి. ఎన్ని ఊపులో రాయకపోతే ఒక వరసను ఇంకో వరసతో పోల్చడానికి లేదు. గరప నేలలో ఇది మధ్యలోనే ఆగిపోయింది. ఈటె గింజలు వల గుడ్డలో వందలుగా గుచ్చుకుని, పురుగులు వాటిలో చిక్కుకున్నాయి. దీనికి మందు ఏదీ లేదు. మీసాలు ముదిరిన చోట వల ఊపడం మానేసి, చట్రం పక్కన కూర్చుని కళ్ళతో వెతకడమే మేలు. వలను రేగడి వాలులోకి మార్చారు. రెండు చోట్లా రెండు పద్ధతులు వాడారు కాబట్టి రెండు జాబితాలను అంకెలతో పోల్చకూడదని నివేదికలో రాసిపెట్టారు.

పట్టుబడ్డవాటిలో ఎక్కువ మిడతలు. మొదట తేల్చాల్సింది అది పెద్దదా పిల్లదా అన్నది. పొట్టి రెక్కలున్నవన్నీ పిల్లలు కావు, కొన్ని జాతుల్లో పెద్దవాటికే రెక్కలు పొట్టివి. పిల్ల మిడతలో రెక్కల మొగ్గలు బాగా కనిపించే దశకు వచ్చాక వెనక రెక్క మొగ్గ ముందు రెక్క మొగ్గను కప్పి ఉంటుంది. పెద్దదాంట్లో ముందు రెక్కే పైన ఉంటుంది. ఈ ఒక్క గుర్తు తెలియక పిల్లలకు జాతి పేర్లు పెట్టేవాళ్ళు ఎందరో. పిల్లలను కుటుంబం దగ్గరే ఆపారు.

తర్వాత మీసాలు. ఒంటి పొడవు కన్నా పొట్టివైతే అసలు మిడత, ఒంటిని మించి దారంలా ఉంటే ఆకుమిడత బంధువు. చెవి చూసినా తేలుతుంది. మొదటిదానికి పొట్ట మొదటి ఖండం పక్కన, రెండోదానికి ముందు కాలి పిక్కలో ఉంటుంది. మూతి కోసుగా ఉన్న పచ్చ మిడతలు రెండు రకాలు వచ్చాయి. రెండింటినీ ఫోను యాప్ ఒకే పేరుతో చూపించింది. ఒకటి ఆక్రిడా. సన్నగా పొడవుగా, మీసాలు కత్తిలా చదునుగా ఉన్నాయి. రెండోది అట్రాక్టోమార్ఫా. పొట్టిగా దిట్టంగా ఉంది, కంటి వెనక నుంచి మెడ పలక అంచు వరకు చిన్న చిన్న లేత రంగు పొక్కులు వరసగా ఉన్నాయి. తల కొసను పైనుంచి భూతద్దంతో చూస్తే మధ్యలో సన్నటి గాడి. ఆ గాడి అట్రాక్టోమార్ఫా కుటుంబమంతటికీ గుర్తు. ఈ రెండింటికీ పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటోలు కావాలి. డబ్బాలో వేసి, ఐస్‌ప్యాక్ ఉన్న టిఫిన్‌లో కొద్ది నిమిషాలు ఉంచితే కదలక కూర్చుంటాయి. ఐస్‌కు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ వేయాలి. ఫోటో అయ్యాక పట్టిన చోటే వదిలేయాలి.

నలుపు మీద నారింజ పట్టీలున్న పెంకుపురుగులను మాత్రం చేత్తో ముట్టుకోవద్దని ముందే చెప్పారు. ఇవి మైలాబ్రిస్. నలిగితే కాళ్ళ కీళ్ళ దగ్గర కారే రసంలో కాంథరిడిన్ ఉంటుంది. చర్మానికి తగిలితే కొన్ని గంటల్లో బొబ్బలు లేస్తాయి. వీటిని వలతో ఊడ్చడం కూడా తప్పు. వలలో నలిగి, ఆ గుడ్డ పట్టుకున్నవాళ్ళకు అంటుకుంటుంది. పువ్వు మీద ఉండగానే ఫోటో తీయాలి. పట్టీల ఆకారంలో తేడాలు, దగ్గర జాతుల మధ్య పోలికలు ఎక్కువ కాబట్టి ప్రజాతితో ఆపారు. మిడతలు ఎక్కువున్న బీడులోనే ఇవి ఎక్కువగా ఉండటానికి కారణం ఉంది. వీటి పిల్లపురుగులు మట్టిలో మిడతలు పెట్టిన గుడ్ల సంచులను తిని పెరుగుతాయి. పెద్దవి పూలు తింటాయి కాబట్టి పక్క చేలో కంది, అలసంద పూత మీద చూసి రైతు మందు కొట్టడం మామూలే. బీడులో వీటి పిల్లలు మిడతల గుడ్లను తినేస్తున్న సంగతి ఆ రైతుకు చెప్పాల్సిన అవసరం ఉంది.

ఒక విద్యార్థి జాబితాలో ఆరుద్ర పురుగు కీటకాల కింద చేరింది. సెప్టెంబరు చివర్లో అది కనబడిందన్న మాటే అనుమానించాల్సింది, అది జూన్ చివరి ఆరుద్ర కార్తె వానలకు బయటకొచ్చేది. పైగా ఎనిమిది కాళ్ళున్న ఆ ఎర్ర మఖమలు ప్రాణి సాలీడు వర్గానిది. ఫోటో లేదు, కొట్టేశారు.

సీతాకోకలు: ఇద్దరు నారింజ, నలుగురు నీలం

జిల్లేడు పొదల దగ్గర నారింజరంగు సీతాకోకలు నెమ్మదిగా తిరుగుతున్నాయి. అందరూ ‘ప్లెయిన్ టైగర్’ అని రాసేశారు. రాసినవాటిలో ఎక్కువ భాగం నిజమే. జిల్లేడు పాలలోని విషాన్ని గొంగళిపురుగు ఒంట్లో దాచుకుంటుంది, అందుకే పిట్టలు ఈ సీతాకోకను వదిలేస్తాయి. ఆ రక్షణ లేని డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది అచ్చం ఇదే రంగు వేసుకుని తిరుగుతుంది. తేడా వెనక రెక్కలో ఉంది. ప్లెయిన్ టైగర్ వెనక రెక్క మధ్యలో మూడు నల్ల చుక్కలు, మగదానికి తెల్ల మధ్యతో నాలుగో మచ్చ కూడా ఉంటుంది. ఎగ్‌ఫ్లై ఆడదానికి వెనక రెక్క పై అంచు దగ్గర ఒకే ఒక్క నల్ల చుక్క. రెక్కలు విచ్చి నేలమీద ఎండ కాచుకుంటున్న ఒకదాని ఫోటో పెద్దది చేసి చూస్తే ఒక్క చుక్కే కనబడింది. ఎగ్‌ఫ్లై ఖాయం అయింది. అక్కడికి కొంచెం దూరంలో నల్ల రెక్కల మీద నీలి అంచు తెల్ల మచ్చలున్న మగ ఎగ్‌ఫ్లై ఒక రాయి మీద కాపు కాసి, వచ్చిన ప్రతి సీతాకోకనూ తరుముతోంది. ఆడ మగ ఇంత వేరుగా ఉండటం వల్ల దాన్ని వేరే జాతిగా రాసిన జట్టు కూడా ఉంది. ఎగిరిపోయిన మిగతా నారింజవాటిలో వెనక రెక్క కనబడనివన్నీ ‘ప్లెయిన్ టైగర్ లేదా ఎగ్‌ఫ్లై’ అని మార్చారు. జిల్లేడు ఆకు అడుగున మూడు జతల నల్లటి మెత్తని కొమ్ములున్న చారల గొంగళిపురుగు దొరికింది. దాంతో ప్లెయిన్ టైగర్ అక్కడ పుట్టి పెరుగుతోందని రూఢి అయింది. ఎగిరే సీతాకోక కన్నా ఈ గొంగళిపురుగు గట్టి రుజువు.

చిన్న నీలం సీతాకోకలు ఇంకా కష్టం. గోరంత ఉండి, మోకాలి ఎత్తు దాటకుండా ఎగిరే వీటిని పైవైపు చూసి పోల్చడం కుదరదు. రెక్కలు మూసుకుని కూర్చున్నప్పుడు అడుగు వైపు ఫోటో కావాలి. ముందు రెక్క అడుగున, రెక్క మొదలుకూ మధ్యనున్న గీతకూ నడుమ, అంటే రెక్క గది లోపల చుక్క ఉందా అని చూడాలి. ఉంటే పేల్ గ్రాస్ బ్లూ గానీ డార్క్ గ్రాస్ బ్లూ గానీ. లేకపోతే లెస్సర్ గ్రాస్ బ్లూ గానీ టైనీ గ్రాస్ బ్లూ గానీ. ఈ చివరి రెండింటిలో ముందు రెక్క పై అంచు మీద అదనంగా రెండు చుక్కలు ఉంటే టైనీ. ఇదంతా ఫోటో స్పష్టంగా ఉంటేనే. గాలి ఉన్న పూట పది తీస్తే ఒకటి పనికొస్తుంది, అందుకే గాలి లేవకముందే, గడ్డి కొస మీద కాకుండా నేల దగ్గర కూర్చున్నవాటిని తీయాలి.

గ్రాస్ జ్యువెల్ మాత్రం తేలిగ్గా దొరికింది, అదీ మొక్క వల్ల. మన దేశపు అతి చిన్న సీతాకోకల్లో అది ఒకటి. దాని గొంగళిపురుగులు ఇండిగోఫెరాలను తింటాయి. ఉదయం ఇండిగోఫెరా గుర్తుపెట్టుకున్న చట్రాల దగ్గరకే తిరిగి వెళ్ళి, నేలకు కళ్ళు ఆనించినట్టు వంగి చూస్తే, వెనక రెక్క అంచున నారింజ వలయాల్లో మెరిసే నల్ల చుక్కలతో అది కనిపించింది. మొక్కల జాబితా ముందే ఉండటం వల్ల అరగంట వెతుకులాట తప్పింది.

మొక్క ఆధారం మరో దారిలోనూ పనికొచ్చింది. వయ్యారిభామ ఆకులు జల్లెడలా తిని ఉన్నచోట లేత పసుపు మీద గోధుమ గీతలున్న చిన్న పెంకుపురుగులు దొరికాయి. ఇవి జైగోగ్రామా బైకలొరాటా, మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరులో వయ్యారిభామ మీదకు వదిలినవాటి సంతతి. మరో మొక్క మీద కూర్చుని ఉంటే ఇంత ధైర్యంగా పేరు రాసేవాళ్ళు కాదు. అయితే ఏ పురుగైనా ఒక మొక్క మీద వాలినంత మాత్రాన దాన్ని తింటోందని కాదు. తిన్న గుర్తు, గుడ్లు, పిల్లపురుగు, వీటిలో ఒకటైనా ఉండాలి.

రెక్కలు పొడవుగా, తూనీగలా ఉన్నవి రెండు పట్టుబడ్డాయి. తూనీగకు మీసాలు వెంట్రుక ముక్కల్లా పొట్టిగా ఉంటాయి, వీటికి కొసలు ఉబ్బిన మీసాలు. ఇసుకలో గరాటు గుంటలు చేసే పురుగు పెద్దదై రెక్కలొచ్చాక ఇలా ఉంటుంది. కుటుంబం వరకు రాశారు.

జాబితా ఎలా కుదిరింది

మధ్యాహ్నం నీడలో కూర్చుని ప్రతి నమోదునూ మూడు బుట్టల్లో వేశారు: జాతి ఖాయం, ప్రజాతి వరకు, కుటుంబం వరకు. పక్కన ‘ఏ భాగం చూసి’ అన్న గడి. ఈ గడి ఖాళీగా ఉంటే నమోదు చెల్లదు. ఈ ఒక్క నిబంధన వల్ల జాబితా బాగా కుదించుకుపోయింది, విద్యార్థులు నిరాశపడ్డారు కూడా. కానీ నమ్మదగిన చిన్న జాబితా ఉంటే వచ్చే ఏడాది అదే చట్రాల దగ్గరకు వచ్చి పోల్చుకోవచ్చు. ఊహించి రాసిన పెద్ద జాబితాతో ఏ పోలికా కుదరదు.

ఫోటోలు పెట్టి జీవుల పేర్లు పోల్చుకునే ఐనాచురలిస్ట్‌లో ఎక్కించేటప్పుడు యాప్ చూపే మొదటి పేరును నొక్కడం బాగా అలవాటైపోయింది. ఎక్కువ ఫోటోలున్న జాతుల వైపే అది మొగ్గుతుంది. అందువల్ల మన గడ్డి జాతులకు అది తరచుగా వేరే ఖండపు పేరు చూపిస్తుంది. స్థలం సరిగ్గా నమోదైందో చూసి, ‘దగ్గర్లో కనబడినవి’ మాత్రమే చూపేట్టు పెట్టుకుని, అప్పటికీ ప్రజాతి స్థాయిని ఎంచుకోవడం మంచిది. జాతి పేరు మీద ఇద్దరు ముగ్గురు పోల్చినవాళ్ళు ఏకీభవిస్తే అదే పైకి వస్తుంది. ఒక మొక్కకు ఒకే నమోదు కింద ఫోటోలన్నీ పెట్టాలి. కణుపు ఒక చోట, చిరుకంకి మరో చోట పెడితే పోల్చేవాళ్ళకు రెండూ పనికిరావు.

అరిస్టిడాలో ఏ జాతులున్నాయన్నదీ, ఒక క్రొటలేరియా ఏ జాతిదన్నదీ తేలలేదు. అరిస్టిడాకు మీసాలు పూర్తిగా ముదిరాక, నవంబరులో మీసాల కాడ దగ్గర ఫోటో స్కేలుతో సహా తీయాలి. క్రొటలేరియాకు పువ్వు పక్కనుంచి, కాయ నిలువునా చీల్చి లోపలి నుంచి. ఆ రెండు మొక్కలున్న చట్రాల మూలల్లో సున్నం పూసిన రాళ్ళు పెట్టి, జీపీఎస్ బిందువులు పుస్తకం వెనక అట్ట మీద రాశారు.